“భయపడకుము” అనేది ఆజ్ఞా, ఓదార్పా? ప్యానిక్ అటాక్‌కు మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టా?

టీచరమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. పేరు చెప్పలేను, మా సంఘంవాళ్లు కూడా ఈ వేదిక చదువుతారు. గుంటూరు దగ్గర ఒక ఊళ్లో లెక్కలు చెబుతాను.

మూడు నెలల క్రితం ప్రభు బల్ల ఆదివారం. రొట్టె అయింది, ద్రాక్షారసం ట్రే మా వరుసలోకి వచ్చింది. అందులో చిన్న గాజు గ్లాసులు ఓ నలభై ఉంటాయి కదా. నా చేతికి రాగానే అవన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఎవరు కదుపుతున్నారా అని చూశాను. వణుకుతున్నవి నా చేతులే. ఆ వెంటనే గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు, గొంతు ఎవరో మూసినట్టు అయిపోయింది. ఇందరి ముందు ఇక్కడే పోతున్నాను అనుకున్నాను. పక్కావిడ ట్రే అందుకుంది. నేను బయటికి వచ్చి చెప్పుల దగ్గర కూలబడ్డాను. పది నిమిషాలకు తగ్గింది.

ఇప్పటికి ఆరుసార్లు వచ్చింది. ఈసీజీ, థైరాయిడ్ రెండూ బాగున్నాయి. మానసిక వైద్యురాలు ప్యానిక్ డిజార్డర్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ మాత్ర రాశారు. మా సంఘ పెద్దగారికి చెబితే, “అయోగ్యంగా బల్లలో చెయ్యి వేసినవారిలో చాలామంది రోగులయ్యారని కొరింథీ పత్రికలోనే ఉంది, నిన్ను నువ్వు పరీక్షించుకో, మాత్రలతో పోయేది కాదు” అన్నారు. పరీక్షించుకుంటూనే ఉన్నాను. ఎంత వెతికితే అంత భయం.

ఈ ఏడాది నాకు వచ్చిన వాగ్దాన కార్డు యెషయా 41:10. “నీకు తోడైయున్నాను భయపడకుము.” ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. ఇప్పుడు పాల కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా అది నన్ను తిడుతున్నట్టు ఉంటోంది. మాత్రల పెట్టె సీలు కూడా విప్పకుండా సొరుగులో పడి ఉంది. వేసుకుంటే దేవుణ్ని నమ్మనట్టేనా? సూటిగా చెప్పండి.

ఉపవాసం_శనివారం

వందనాలు సహోదరీ. ముందుగా, పెద్దగారు బల్ల గురించి అన్న మాట నాకు నచ్చలేదు. కొరింథులో ఆకలిగొన్న పేదలను పక్కన పెట్టి కొందరు తిని తాగి మత్తెక్కినందుకు పౌలు రాసిన గద్దింపు అది. చేతులు వణికినవారికి తగలదు.

కానీ మాత్ర సంగతిలో నా సాక్ష్యం వేరు. 2016లో నోట్ల రద్దు తరువాత నా మిర్చి వ్యాపారం కూలిపోయింది. రాత్రి రెండింటికి లేచి ఊపిరాడక మేడ మీదికి పరుగెత్తేవాడిని. ఆల్ప్రజోలామ్ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఒకటి మూడయింది. ఒక పూట మరిచిపోతే మునుపటికంటే ఎక్కువ వణుకు. జేబులో మాత్ర లేకుండా యార్డుకు వెళ్లలేని స్థితి. ఒకరోజు నాకే సిగ్గేసింది. నేను ఆనుకున్నది ఎవరి మీద? 21 రోజులు ఉపవాస ప్రార్థనలో కూర్చున్నాను, మాత్ర తాకలేదు. మూడో వారంలో ఒక రాత్రి తెల్లవారే దాకా నిద్రపోయాను. ఆ భయం మళ్లీ రాలేదు.

రెండవ దినవృత్తాంతాలు 16వ అధ్యాయంలో ఆసా రాజు పాదాలకు జబ్బు చేస్తే యెహోవాను విచారించక వైద్యులను పట్టుకున్నాడని ఉంది. “పిరికితనముగల ఆత్మ నియ్యలేదు” అని పౌలు తిమోతికి రాశాడు. వీటిని చించి పారేయలేం కదా.

రాత్రి_డ్యూటీ

ఇరవై రెండేళ్లుగా నర్సును, పుట్టుకతో లూథరన్‌ను. అన్నా, మీ సాక్ష్యాన్ని కాదనను. కానీ మీరు చెప్పిన మాత్ర, టీచరమ్మకు రాసిన మాత్ర ఒక్కటి కావు. ఆల్ప్రజోలామ్ వేసుకున్న కాసేపటికే పట్టుకుంటుంది, అంతే త్వరగా దిగిపోతుంది, అలవాటు పడుతుంది. ఎస్సిటాలోప్రామ్ గుణం చూపడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, ఆందోళన కాస్త పెరిగినట్టు అనిపించడం ఉంటాయి. “చూశావా, పడలేదు” అని చాలామంది అక్కడే మానేస్తారు. ఏ తేడా అనిపించినా రాసినవారికే ఫోన్ చేయాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. రోజూ వేసుకునే ఆల్ప్రజోలామ్ ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు. మిమ్మల్ని దేవుడు కాపాడాడన్న మాట నేను అక్షరాలా నమ్ముతాను. ఇది చదివేవారెవరూ అలా చేయవద్దు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

టీచరమ్మా, వేళ్ల తిమ్మిరి ఎందుకో మీకు ఎవరైనా చెప్పారా? భయంలో గబగబా ఊపిరి తీస్తాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానితో వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. దురాత్మా కాదు, గుండెపోటూ కాదు. శరీరం పులిని చూసినట్టు పరుగుకు సిద్ధమైంది, పులి మాత్రం లేదు.

గుంటూరువారికి ఒక మాట. 1883లో ఆనా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ వైద్యవిద్య పూర్తి చేసుకునే మన ఊరికి వచ్చారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. మన తాతల కాలంలో సువార్త, మందుసీసా ఒకే గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చాయి. వాటిని విడదీసింది మనమే.

పాత_నిబంధన

ఆసా వచనం మళ్లీ చదవండి అన్నయ్యా. తప్పు “యెహోవాయొద్ద విచారణచేయక” అన్న చోట ఉంది. వైద్యులను పిలవడమే పాపమైతే హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్న యెషయా కూడా పాపే కావాలి. కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నది మీరు చెప్పిన అదే తిమోతికి, అదే పౌలు.

గుణదల_భక్తురాలు

మా కతోలిక బైబిలులో సీరా గ్రంథం 38వ అధ్యాయం ఉంది. వైద్యుణ్ని గౌరవించు, అతన్ని కూడా దేవుడే సృజించాడు, మందులను భూమిలోంచి ప్రభువే కలిగించాడు అని స్పష్టంగా రాసి ఉంది. ప్రార్థించమనీ అక్కడే ఉంది, వైద్యుడికి చోటివ్వమనీ అక్కడే ఉంది.

ఉపవాసం_శనివారం

మా 66 పుస్తకాలలో ఆ గ్రంథం లేదమ్మా.

గుణదల_భక్తురాలు

అందుకే ఈ చర్చ మీ దగ్గర ఇంత దూరం వచ్చింది. (నవ్వుతూనే రాస్తున్నాను, కోపం వద్దు.)

బయటివాడు

నేను క్రైస్తవుడిని కాను, దేవుణ్ని నమ్మను కూడా. అయినా చదువుతూ వస్తున్నాను, ఎందుకంటే ఆ పది నిమిషాలు నాకూ తెలుసు.

మా నాయనమ్మ చీకట్లో దొడ్లోకి వెళ్లాలంటే ఆంజనేయ దండకం చదువుకుంటూ వెళ్లేది. భయం తగ్గేది. మీరు కీర్తన చదువుతారు, తగ్గుతుంది. మా స్నేహితుడు కళ్లు మూసుకుని ఎక్కాలు చెప్పుకుంటాడు, వాడికీ తగ్గుతుంది. మూడింటిలోనూ ఉన్నది ఒకటే. పొడవాటి వాక్యాలు పైకి చదివితే ఊపిరి నెమ్మదిగా బయటికి వెళుతుంది, మనసు గుండెచప్పుడు మీదినుంచి పక్కకు జరుగుతుంది. అంతకు మించి ఎవరూ పైనుంచి దిగి రావడం లేదు. మాత్ర వేసుకోండి, ప్రార్థన మీ ఇష్టం.

పాత_నిబంధన

నీళ్లు గొంతులోంచే దిగుతాయి. అందుకని దాహం తీర్చింది గొంతే అంటారా? ఊపిరి ద్వారా పనిచేసింది గనుక దేవుడు చేయలేదనడం మీ నమ్మకం, పరిశోధన ఫలితం కాదు. మీ నాయనమ్మగారిని అడిగితే ఊపిరి లెక్కపెట్టుకున్నాననే చెప్పేవారా?

బయటివాడు

చెప్పేది కాదు. హనుమంతుడు ముందు నడిచాడనే చెప్పేది. సరే, ఆ ఒక్కటి మీకు వదిలేస్తాను.

అయ్యగారి_అబ్బాయి

నాన్నగారు 31 ఏళ్లు పాస్టరుగా చేశారు, ఇప్పుడు లేరు. కాబట్టి చెప్పవచ్చు. ఒక గుడ్ ఫ్రైడే రోజున, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట చెబుతూ ఆగిపోయారు. ప్రసంగ పీఠం అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. జనం కన్నీళ్లు అనుకున్నారు. “స్తోత్రం” అన్నారు. అవి కన్నీళ్లు కావు. ఆయనకు ఊపిరి అందడం లేదు.

తరువాత పదకొండేళ్లు మాత్ర వేసుకున్నారు. విటమిన్ మాత్రల ఖాళీ సీసాలో పోసి పెట్టుకునేవారు, ఇంటికి వచ్చే విశ్వాసులు చూస్తారని. ఆ సీసా సంగతి అమ్మకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. తన సంఘంలో ఎవరైనా మాత్రల గురించి అడిగితే “వేసుకోండి, ప్రార్థన చేద్దాం” అనేవారు. కానీ “నేనూ వేసుకుంటున్నాను” అని ఒక్కసారి కూడా అనలేకపోయారు. నాకు బాధ అక్కడ. ఆ ఒక్క వాక్యం వినివుంటే ఎంతమంది తేలికపడేవారో.

విశ్వాసం తక్కువవారికే ఇది వస్తుందనేవారికి ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్‌ను గుర్తు చేస్తాను. 1856 అక్టోబర్ 19న లండన్ సర్రే గార్డెన్స్ హాలులో ఆయన ప్రసంగానికి వేలమంది వచ్చారు. ఎవరో మంటలని కేక వేశారు. మంటలు లేవు, తొక్కిసలాట మాత్రం జరిగింది, ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22. ఆ దిగులు ఆయన్ని జీవితమంతా వదలలేదు, ప్రసంగాలలో దాచనూ లేదు. ఆయన విశ్వాసానికి మార్కులు వేయగలవారు మనలో ఎవరున్నారు?

ఉపవాసం_శనివారం

తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివి కళ్లు చెమర్చాయి. కానీ నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మార్కు సువార్త 4వ అధ్యాయంలో, గాలి తుపానులో పడవలో శిష్యులను యేసు అడిగింది, “మీరెందుకు భయపడుచున్నారు? మీరింకను నమ్మికలేక యున్నారా” అనే కదా. భయానికీ నమ్మిక లేకపోవడానికీ ఆయనే ముడిపెట్టాడు. మనం విప్పేస్తే ఎలా?

తెలుగు_మాస్టారు

ఈ ప్రశ్న గట్టిదే, దాటవేయకూడదు. నాకు తోచింది రెండు ముక్కలు.

ఆ పడవలో శిష్యులకు ఎదురుగా తుపాను ఉంది, నీళ్లు లోపలికి వస్తున్నాయి. వారు “మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా” అని అడిగారు. ఆయన గద్దించింది ముందు గాలిని. వారిని ప్రశ్నించింది తరువాత. మునిగేవాళ్లకు ముందు పాఠం చెప్పి, నేర్చుకున్నాక తుపాను ఆపలేదు. మన సంఘాలలో వరుస తిరగబడింది.

అదే మార్కు సువార్త 14వ అధ్యాయానికి రండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు “మిగుల విభ్రాంతి” నొందాడని, చింతాక్రాంతుడయ్యాడని మన తెలుగు బైబిలు రాసింది. విభ్రాంతి చిన్న మాట కాదు. మనసు నిలకడ తప్పి గిర్రున తిరగడం. చెమట రక్తబిందువుల్లా పడిందని లూకా రాశాడు, ఆయన వైద్యుడు. భయమే పాపమైతే ఆ రాత్రిని ఏమంటారు?

ఇక టీచరమ్మగారి ఫ్రిజ్ మీది కార్డు. “భయపడకుము” అన్నది వ్యాకరణంలో విధ్యర్థకమే, నిషేధమే. కానీ ఉరుము ఉరిమితే పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. తల్లి పక్కలోకి లాక్కుని “భయపడకమ్మా, నేనున్నాను” అంటుంది. ఇదీ విధ్యర్థకమే. ఏ పిల్లా దాన్ని ఆజ్ఞగా వినదు, “అమ్మ మాట మీరి భయపడ్డాను, ఇప్పుడు దండిస్తుందేమో” అనుకోదు. మన తెలుగు బైబిలులో ఆ వచనంలో “నీకు తోడైయున్నాను” ముందు ఉంది, “భయపడకుము” వెనక ఉంది. మనం వెనకదాన్ని ముందుకు తెచ్చి, ముందుదాన్ని షరతు చేశాం. నువ్వు భయపడకపోతే ఆయన తోడుంటాడని ఏ కాపీలోనూ లేదు.

కండక్టరు_పీఎన్‌బీఎస్

విజయవాడలో కండక్టరుగా చేస్తున్నాను. బస్సులో జనం మధ్య, చేతిలో టికెట్ల మిషనుతో నాకు ఇది మొదలైంది. ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగితే చాలు. ముందుకు పోలేం, దిగలేం, కింద నీళ్లు. తొమ్మిదేళ్ల అనుభవంతో రాస్తున్నాను, కొంచెం పొడవైతే క్షమించండి.

మాత్ర వేసుకున్నాను, రెండేళ్లకు డాక్టరే నెమ్మదిగా తగ్గించి ఆపారు. అందులో నాకు పెద్ద కథ లేదు. కథంతా ప్రార్థన దగ్గర జరిగింది.

మొదట్లో నా ప్రార్థన ఒకటే. “తీసేయి ప్రభువా, ఇప్పుడే తీసేయి.” అని, వెంటనే గుండె మీద చెయ్యి పెట్టి చూసుకునేవాడిని. తగ్గిందా? లేదు. మళ్లీ ప్రార్థన. మళ్లీ నాడి. బ్యారేజీ రాకముందే మొదలుపెట్టేవాడిని. చొక్కా జేబులో చిన్న కొత్త నిబంధన ఉండేది. అది మరిచిన రోజు డ్యూటీ ఎక్కలేదు. ఇంటికి తిరిగి వెళ్లిపోయాను. ఉపవాసం అన్నగారు జేబులో మాత్ర లేకపోతే యార్డుకు పోలేకపోయానన్నారే, నాకు సరిగ్గా అదే జరిగింది, మాత్ర స్థానంలో వాక్యం ఉంది, అంతే తేడా.

కౌన్సెలింగ్ చేసిన మేడమ్ క్రైస్తవురాలు కాదు. ప్రార్థన మానమని అంటుందేమో, లేచి వచ్చేద్దాం అని సిద్ధపడే వెళ్లాను. ఆవిడ అనలేదు. నన్ను కుర్చీలో గిరగిరా తిప్పింది. మెట్లు ఎక్కించి దింపింది. ఒక నిమిషం గబగబా ఊపిరి తీయమంది. అచ్చం అటాకులాగే వచ్చింది, గుండె దడ, తల తిరగడం, తిమ్మిరి. “ఇప్పుడేమీ చేయకండి. ఎంతవరకు పెరుగుతుందో, ఎప్పుడు దిగుతుందో చూడండి” అంది. దిగింది. మళ్లీ చేయించింది, మళ్లీ దిగింది. అలా వారాల తరబడి చేశాక, గుండె దడదడలాడితే చచ్చిపోతామన్న లెక్క నా ఒంటికే తప్పనిపించడం మొదలైంది. తరువాత బస్సు. బ్యారేజీ మీద నిలబడి, దిగకుండా, నాడి పట్టుకోకుండా ఉండాలి.

“ఏమీ చేయకండి” అన్నారు కదా, మరి ప్రార్థన? ఇంటికి వచ్చి కీర్తనలు తిరగేస్తుంటే 56వ దాంట్లో మూడో వచనం దగ్గర ఆగిపోయాను. “నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను.” నలభై ఏళ్లుగా చదువుతున్న వచనం. భయం పోయిన దినమున అని లేదు. భయం వచ్చిన దినమునే, అది ఇంకా ఉండగానే, ఆశ్రయించడం. ఆ రోజు నుంచి ప్రార్థన మార్చాను. “ప్రభువా, వస్తోంది. రానివ్వు. నువ్వూ ఉన్నావు.” అని చెప్పి టికెట్లు కొట్టడం మొదలుపెట్టేవాడిని. చేతులు వణుకుతూనే చిల్లర ఇచ్చాను. ఒకావిడ “ఒంట్లో బాగోలేదా అన్నా” అని నీళ్ల సీసా కూడా ఇచ్చింది.

తీసేయమని అడిగినంతకాలం నేను దేవుణ్ని నమ్మలేదు, ఫలితాన్ని కాపలా కాశాను. ఇది నా సంగతి మాత్రమే, ఎవరి మీదా రుద్దను.

ఉపవాసం_శనివారం

కండక్టరుగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. జేబు సంగతి దగ్గర నాకు తగిలింది. అయినా అడుగుతాను. స్వస్థత అడగకుండా ప్రార్థన ఏమిటి? “అడుగుడి మీకియ్యబడును” అన్నాడు కదా?

కండక్టరు_పీఎన్‌బీఎస్

ఇప్పటికీ అడుగుతానండి, తెల్లవారుజామున, తీరిగ్గా. బ్యారేజీ మీద అడగను. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. “నా కృప నీకు చాలును” అని జవాబు వచ్చింది. ఆ తరువాత నాలుగోసారి అడిగినట్టు లేదు, ప్రయాణం ఆపినట్టూ లేదు.

పాత_నిబంధన

ఏలీయా ప్రవక్తను ఎవరూ తలచుకోలేదేమిటి? కర్మెలు కొండ మీద నిప్పు దింపిన మనిషి, చంపిస్తానన్న యెజెబెలు రాణి కబురుకు ప్రాణం అరచేత పెట్టుకుని పరుగెత్తాడు. బదరీవృక్షం కింద కూలబడి ఇక చాలు, చనిపోతానన్నాడు. (బదరి అంటే మన రేగు చెట్టే. ఇశ్రాయేలు ఎడారిలో అది వేరే పొద, అనువాదకులు మనకు తెలిసిన చెట్టు నాటారు.) దూత వచ్చి విశ్వాసం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. దేవుడు మాట్లాడింది నలభై రోజుల తరువాత. ఆ దూతకు మన సంఘంలో పెద్దరికం ఇవ్వరేమో.

బయటివాడు

ఈ ఒక్క దూత నాకు నచ్చాడు.

రాత్రి_డ్యూటీ

పాటించగలిగిన మాటలు రెండు రాస్తాను. కండక్టరుగారు చేసిన అభ్యాసాలు ఇంట్లో సొంతంగా మొదలుపెట్టవద్దు. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు ముందు డాక్టరుతో మాట్లాడాలి. ఊళ్లో ఎవరితోనూ చెప్పుకోలేనివారికి 14416 ఉంది, టెలి మానస్, ప్రభుత్వానిదే, 2022లో మొదలైంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. టీచరమ్మగారూ, ఎక్కడున్నారు? మూడు రోజులుగా కనిపించలేదు.

టీచరమ్మ (పదిహేడు రోజుల తరువాత)

వందనాలు. అన్నీ చదివాను, కొన్ని రెండు మూడుసార్లు. జవాబు రాయడానికి ధైర్యం చాలలేదు.

మాత్ర మొదలుపెట్టి పదిహేను రోజులు. మొదటి వారం నర్సుగారు చెప్పినట్టే కడుపులో తిప్పింది. రెండుసార్లు ఫోన్ చేశాను, డాక్టరమ్మ విసుక్కోలేదు. గుణం ఇంకా తెలియడం లేదు. ఫ్రిజ్ మీది కార్డు తీసేద్దామనుకుని, మాస్టారు రాసింది చదివాక ఉంచాను. పెద్దగారికి ఏమీ చెప్పలేదు. పాస్టరమ్మగారికి మాత్రం చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, తలుపు దగ్గరగా వేసి వచ్చి, “ఏ మాత్ర?” అని అడిగింది. పేరు చెబితే, “నాది వేరేది” అంది. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మొన్న ప్రభు బల్ల ఆదివారం. చివరి బెంచీలో గుమ్మం పక్కన కూర్చుందామనే వెళ్లాను. కండక్టరుగారు గుర్తొచ్చి నాలుగో బెంచీ దాకా నడిచాను. ట్రే వచ్చింది. గ్లాసులు మోగాయి, ఈసారీ అంతే. ముందు వరుసలో పిల్లవాడు వెనక్కి తిరిగి చూశాడు. “వస్తోంది, నువ్వూ ఉన్నావు” అనుకున్నాను. నా గ్లాసు తీసుకుని ట్రే పక్కవారికి ఇచ్చాను. కొంచెం ఒలికింది, తెల్ల చీర మీద మరక ఇంకా పోలేదు.

రాత్రి_డ్యూటీ

మరకకు చల్లటి నీళ్లు, నిమ్మరసం. వేడినీళ్లు పోయకండి.

ఉపవాసం_శనివారం

స్తోత్రం సహోదరీ. నా అభిప్రాయం పూర్తిగా మారిందని అనను. నాకు జరిగింది నాకు జరిగింది. కానీ మీకు మాత్ర ఆపమని చెప్పే మనిషిని నేను కాను. శనివారం మా ఇంట్లో ఉపవాస కూడిక ఉంది, గుంటూరుకు దూరం కాదు, చిరునామా విడిగా పంపుతాను. మాత్ర వేసుకునే రండి. తిన్నాక వేసుకోమని రాసి ఉంటే తినే రండి, మీ వంతు నేను కూర్చుంటాను.